సమస్య: కొడుకు తన్నఁ దండ్రి కుదుటఁ బడెను

నిర్వాహకుడు: ఈ పాదం రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. తన్ను తిన్నవాడు కుదుటపడటం ఎలాగో, దీనికి ముందు మూడు పాదాలు రాసి మీరే తేల్చండి. పురాణాలకు వెళ్లేవారు వెళ్లండి. నాకు మాత్రం మీ చిన్ననాటి ఇల్లు కావాలి, మీ నాన్న కావాలి.

సీసమాలిక:
భీష్ముఁ గూల్చినట్టి పెనుపాప మంటంగ
వసువు లిడిరి శాపవహ్ని నాఁడు
బభ్రువాహనుండు పడవేసె నర్జునున్
కొడుకు తన్నఁ దండ్రి కుదుటఁ బడెను

యతిప్రియ: కొడుకు బభ్రువాహనుడి చేతిలో కూలడంతో అర్జునుడికి కలిగిన శాపవిమోచనాన్ని 'కుదుట'కు ముడిపెట్టడం భేష్. కానీ సీసమాలిక గారూ, బభ్రువాహనుడు వేసింది బాణం. కాలెక్కడ ఎత్తాడండీ?

సీసమాలిక: 'తన్నులు తిన్నాడు' అంటే కాలి దెబ్బలేనా? పోయిన సమస్యలో మీరు 'మూడు కన్నులు' కొబ్బరికాయకు పెట్టినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం.

యతిప్రియ: కొబ్బరికాయకు కన్నులు నిజంగానే ఉన్నాయి. అది శ్లేష. మీది సర్దుబాటు.

నిర్వాహకుడు: నా కొరత వేరు. కానుకలతో ఎదురొచ్చిన కొడుకును, పోరుకు రాలేదని అర్జునుడు చీవాట్లు పెట్టాడు. తండ్రిని చూడవచ్చిన కొడుకు ఆ మాట పడ్డాడు. కథలో గుండె పిండేది అక్కడే. మీ పద్యం దాన్ని దాటేసి శాపం దగ్గర ఆగింది.

చెఱువుగట్టు:
ఆలి కడుపు మీద నరచేయి నుంచఁగాఁ
జప్పు డేది యనుచు సందె వేళ
లోనఁ గదలి చిన్ని యూపిరి గుర్తుగాఁ
గొడుకు తన్నఁ దండ్రి కుదుటఁ బడెను

యతిప్రియ: మూడో పాదంలో మొదటి 'లో'కు నడిమి 'యూ' కలవదు. యతి లేదు. పైగా కడుపులో ఉన్నది కొడుకని అప్పుడే ఎలా తెలిసింది?

చెఱువుగట్టు: యతికి క్షమించండి. 'లోన నున్న చిన్ని లోకమ్ము మేల్కొని' అని మారుస్తున్నాను. కొడుకు సంగతి అంటారా, ఇది పుట్టాక చెప్పుకునే జ్ఞాపకం. చెప్పేనాటికి వాడు కొడుకే.

యతిప్రియ: ఒప్పుకున్నాను. సవరణ అసలుకన్నా బాగుంది.

పాతపలక:
జ్వరము కాల్చు రాత్రి చలనమే లేకుండఁ
బక్క నున్న బిడ్డ పలుక కుండె
తెల్లవారుజామ తీయని నిద్దురఁ
గొడుకు తన్నఁ దండ్రి కుదుటఁ బడెను

యతిప్రియ: సీసమాలిక గారూ, తన్నంటే ఇదీ!

నిర్వాహకుడు: రెండుసార్లు చదివి కాసేపు ఊరుకున్నాను. నన్నయ భారతంలో శకుంతల దుష్యంతుడితో, కొడుకు కౌగిలి చందనంకన్నా వెన్నెలకన్నా చల్లన అంటుంది. పాతపలక గారు ఆ చలువను కౌగిలిలో కాక కాలి తాపులో చూపించారు. రాత్రంతా కాలిన ఒళ్లు, తెల్లారేసరికి చల్లబడి తన్నింది. ఒక్క మాట మాత్రం గుచ్చుకుంటోంది. 'తీయని' గణం కోసం, అంటే ఛందస్సు లెక్క సరిపెట్టడానికి, వచ్చింది. జ్వరపడ్డ బిడ్డకు తీయని నిద్ర ఏమిటి? 'జామ' కూడా 'జామున' కావాలి. ఇలా చూడండి:

తెల్లవారఁగానె తేఱిన మేనితోఁ
గొడుకు తన్నఁ దండ్రి కుదుటఁ బడెను

సీసమాలిక: 'తేఱిన' దగ్గర నేనూ ఆగిపోయాను. ఒప్పుకోక తప్పదు.

పాతపలక: 'తేఱిన మేనితోఁ' తీసుకుంటున్నాను, గురువుగారూ. ఆ తన్ను నాకు గుర్తులేదు. గుర్తున్నది నాన్నకే. ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. పోయాక అమ్మ చెప్పింది.

సీసమాలిక: రేపు మళ్లీ రాస్తాను. బాణం లేకుండా.