అప్‌డేట్: మొదటి జీతంలో 1,652 రూపాయలు ఎక్కడికి పోయాయో తెలిసింది

మొదటి జీతం తక్కువ పడిందేంటని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. అనంతపురంలో బట్టల షాపులో చేరాను, వయసు 18. జీతం 13,000 అన్నారు, అకౌంట్లో చూస్తే 11,348 ఉంది. ఓనర్ కోసేశాడేమో అని రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

"ముందు పే స్లిప్ అడుగు" అన్నవాళ్లకు థ్యాంక్స్, దారి దొరికింది దానితోనే. అడగడానికి మొహమాటపడ్డాను గానీ మా అకౌంటెంట్ అన్న వెంటనే ప్రింట్ తీసి, ఒక్కో లైన్ కింద పెన్నుతో గీత గీసి చూపించాడు. బేసిక్, అంటే మూల జీతం, 10,000. దానిలో 12 శాతం పీఎఫ్ (మన పేరు మీద దాచే భవిష్య నిధి), అంటే 1,200. మొత్తం జీతం మీద 0.75 శాతం ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), 98. అవి పోగా షాపువాళ్లు బ్యాంకులో వేసింది 11,702.

పీఎఫ్ నిజంగా కడుతున్నారా అని డౌటు. ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో యూఏఎన్ (నా పీఎఫ్ నంబర్) యాక్టివేట్ చేసి పాస్‌బుక్ చూశాను. నా 1,200 ఉంది, షాపువాళ్ల వాటా కూడా ఉంది. ఉద్యోగం మారినా ఇదే నంబర్ ఇవ్వాలట.

మిగతా 354? అది బ్యాంకు పని! ఇంటర్‌లో తీసిన అకౌంట్ ఖాళీగా ఉంది కదా, మినిమమ్ బ్యాలెన్స్ లేదని 300, దానిపై జీఎస్టీ 54, జీతం పడగానే లాగేసుకున్నారు. అది వెనక్కి రాలేదు. లెటర్ రాసిచ్చి జీరో బ్యాలెన్స్ బేసిక్ అకౌంట్‌గా మార్పించుకున్నాను.

ప్రొఫెషనల్ ట్యాక్స్ (ఉద్యోగం మీద రాష్ట్రం వేసే పన్ను) కోశారేమో అన్నారు కొందరు. మన ఆంధ్రాలో నెల జీతం 15,000 వరకు అది లేదు. ఓనర్ మీద కంప్లైంట్ పెట్టమన్న అన్నా, పెట్టకపోవడమే మంచిదైంది.