రిహాబ్ డాక్టర్ల స్టూడెంట్ లోన్ మాఫీ: మీ జీతం ఎవరి పేరున వస్తోంది?

ఒహాయో_రెసిడెంట్: అమెరికాలోనే మెడికల్ స్కూల్ చదివాను. ఇప్పుడు పీఎం అండ్ ఆర్ (రిహాబ్ బ్రాంచ్, అంటే గాయాలు, పక్షవాతం లాంటివాటి నుంచి కోలుకునేలా చేసే వైద్యం) రెసిడెన్సీ ట్రైనింగ్ మూడో ఏడు. ఫెడరల్ లోన్ వడ్డీతో కలిపి 2 లక్షల 90 వేల డాలర్లయింది. తలుచుకుంటేనే టెన్షన్. మన రిహాబ్ వాళ్ళలో ఎవరికైనా పీఎస్‌ఎల్‌ఎఫ్ (ప్రభుత్వ, నాన్‌ప్రాఫిట్ సంస్థల్లో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ లోన్ మాఫీ చేసే పథకం) కింద నిజంగా మాఫీ అయిందా?

వీఏ_అక్క: నాకు అయిందమ్మా. నాలుగేళ్ళ రెసిడెన్సీ, ఏడాది స్పైనల్ కార్డ్ ఇంజురీ ఫెలోషిప్, తర్వాత వీఏ (మాజీ సైనికుల కోసం ఫెడరల్ ప్రభుత్వం నడిపే) ఆసుపత్రి. 120 వాయిదాలు పూర్తయ్యాక మిగిలినదంతా మాఫీ చేశారు, దాని మీద ఫెడరల్ టాక్స్ కూడా లేదు. రెసిడెంట్ జీతానికి పడే చిన్న వాయిదా కూడా ఒక పూర్తి వాయిదా కిందే లెక్క. అందుకే మన నాలుగైదేళ్ళ ట్రైనింగ్‌ని వదులుకోకూడదు. వీఏలో ఈడీఆర్‌పీ అని చదువు అప్పు తీర్చడానికి సాయం చేసే పథకం ఇంకోటుంది, ఐదేళ్ళలో 2 లక్షల డాలర్ల వరకు ఇస్తారు. అన్ని పోస్టులకూ ఉండదు, చేరకముందే అడగండి.

ఫ్లోరిడా_ఫిజియాట్రిస్ట్: నా అనుభవం చేదు. ఆసుపత్రి నాన్‌ప్రాఫిటే, కానీ జీతం ఇచ్చింది ఓ ప్రైవేట్ డాక్టర్ల గ్రూపు. రెండేళ్ళ వాయిదాలు లెక్కలోకి రాలేదు. మన బ్రాంచ్‌లో ఇది మరీ ఎక్కువ. ఇన్‌పేషెంట్ రిహాబ్ ఆసుపత్రులు చాలా వరకు లాభాపేక్ష ఉన్న కంపెనీలవే, మెడికల్ డైరెక్టర్‌ని కూడా 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా పెట్టుకుంటారు. మీ డబ్ల్యూ-2 (యజమాని ఏటా ఇచ్చే జీతం, టాక్స్ ఫారం) తీయండి. బాక్స్ బీలో తొమ్మిది అంకెల ఈఐఎన్, అంటే జీతం ఇచ్చే సంస్థ నంబర్ ఉంటుంది. ప్రభుత్వ స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లో ఎంప్లాయర్ సెర్చ్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. బోర్డు మీద పేరు చూసి నేను మోసపోయాను.

కాలిఫోర్నియా_పెయిన్: కాలిఫోర్నియా, టెక్సాస్‌లో మాత్రం కొంచెం వేరు అన్నా. అక్కడి చట్టం ప్రకారం ఆసుపత్రి డాక్టర్లని నేరుగా పెట్టుకోలేదు కాబట్టి, 2023 జులై నుంచి గ్రూపు ద్వారా నాన్‌ప్రాఫిట్ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకీ అవకాశం ఇచ్చారు. ఇంకో మాట, వడ్డీ తక్కువని ప్రైవేట్ బ్యాంకుకి రీఫైనాన్స్ చేయకండి. చేస్తే ఆ లోన్‌కి పీఎస్‌ఎల్‌ఎఫ్ దారి మూసుకుపోయినట్టే.

గుంటూరు_ఎంబీబీఎస్: నేను ఇండియాలో చదివి, జే-1 వీసా మీద ట్రైనింగ్‌కి వచ్చాను. నా అప్పు ఊళ్ళో బ్యాంకుది, నాన్నగారి ఇల్లు తాకట్టులో ఉంది. నాకేమైనా దారి ఉందా?

వీఏ_అక్క: పీఎస్‌ఎల్‌ఎఫ్ అమెరికా ఫెడరల్ డైరెక్ట్ లోన్‌కే తమ్ముడూ. ఇండియా బ్యాంకు అప్పుకి వర్తించదు. ఎన్‌హెచ్‌ఎస్‌సీ (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసేవాళ్ళ చదువు అప్పు తీర్చే ప్రభుత్వ పథకం) కూడా మన బ్రాంచ్‌కి ఇవ్వరు. అటెండింగ్ జీతం మొదలవగానే ముందు ఆ తాకట్టు విడిపించు.

ఒహాయో_రెసిడెంట్: ఇంటర్న్ ఇయర్ (రెసిడెన్సీ మొదటి ఏడు) వేరే ఆసుపత్రిలో చేశాను. ఆ తర్వాత నేనున్న సేవ్ ప్లాన్ (ఆదాయాన్ని బట్టి వాయిదా కట్టే పద్ధతి) కోర్టులో పడి, ఫోర్‌బేరెన్స్‌లోనే, అంటే వాయిదాలు ఆపేసిన స్థితిలోనే ఉండిపోయాను.

ఫ్లోరిడా_ఫిజియాట్రిస్ట్: ఆ ఫోర్‌బేరెన్స్ నెలలు లెక్కకి రావు. వెంటనే ఐబీఆర్‌కి (ఆదాయాన్ని బట్టే వాయిదా పడే ఇంకో ప్లాన్) మారండి. ఇంటర్న్ ఇయర్‌కి అక్కడ పనిచేసినట్టు ఆ ఆసుపత్రితో విడిగా పీఎస్‌ఎల్‌ఎఫ్ ఫారం సంతకం చేయించుకోవాలి.

ఒహాయో_రెసిడెంట్: రెండు డబ్ల్యూ-2లూ దొరికాయి. రెండు నంబర్లూ కొట్టి చూశాను, రెండూ అర్హమైనవే. పాత ఆసుపత్రి హెచ్‌ఆర్‌కి ఇప్పుడే ఫారం పంపాను, ఐబీఆర్ అప్లికేషన్ కూడా పెట్టేశాను.