సమస్యాపూరణం: గోలు లేనివాడె గొప్పవాడు

పటమట మాస్టారు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గోలు లేనివాడె గొప్పవాడు

మొన్న లయోలా కాలేజీ గ్రౌండ్ దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద నలుగురు కుర్రాళ్ళు ఒక ఫుట్‌బాల్ స్ట్రయికర్ (గోలు కొట్టడమే పనైన ఆటగాడు) గురించి కొట్టుకున్నంత పని చేశారు. "తొంభై నిమిషాలూ చచ్చేట్టు పరిగెత్తుతాడురా" అని ఒకడు. "పరిగెత్తడానికైతే మారథాన్‌లో పెట్టుకోండి, స్ట్రయికర్లు వేసే తొమ్మిదో నంబర్ చొక్కా ఎందుకు?" అని ఇంకొకడు. టీ చల్లారింది గానీ వాదన చల్లారలేదు. సమస్య అక్కడే దొరికింది. ఐదు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), గో-గొ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం). ముందు మూడు పాదాలు మీవి. ఫుట్‌బాల్ నుంచి ఎంత దూరం వెళ్ళినా ఫర్వాలేదు, అన్వయం మాత్రం కుదరాలి.

సత్యనారాయణపురం తాతగారు:
2018 ప్రపంచ కప్ ఫ్రాన్స్ జట్టు స్ట్రయికర్ ఒలివియే జిరూ మీద నా పూరణ.

రష్య గడ్డమీద రాణించె నొక ఫ్రెంచి
వీరు డేడు మ్యాచు వెంటవెంట
దారి చూపె జట్టు దాడికి ముందుండి
గోలు లేనివాడె గొప్పవాడు

ఆ ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ ఆడిన ఏడు మ్యాచుల్లోనూ అతను దిగాడు. గోలు లేదు సరికదా, గోలువైపు సూటిగా వెళ్ళిన షాట్ కూడా ఒక్కటీ లేదు. ఎంబాపే, గ్రీజ్‌మన్ తలా నాలుగు కొట్టారు. ఫైనల్లో క్రొయేషియాను 4-2తో ఓడించి కప్పు పట్టుకుపోయారు.

పటమట మాస్టారు:
తాతగారూ, గణాలూ యతులూ నిక్షేపంగా ఉన్నాయి. రెండో పాదంలో రెండు చిక్కులున్నాయి. "ఏడు మ్యాచు" అనకూడదు, "మ్యాచులు" కావాలి. పైగా "వెంటవెంట" తర్వాత ఏం చేశాడో చెప్పే క్రియ లేదు. "వీరు డేడు మార్లు వేటలోన" అంటే "దారి చూపె"తో నేరుగా కలిసిపోతుంది. ఇంకొక మాట. దారి చూపాడన్నారు, ఎలా చూపాడో పద్యంలో లేదు. వచనంలో మీరు రాసిందే బలంగా ఉంది. సమస్యలోని వైరుధ్యం విడిపోయే కారణం పద్యంలోనే దొరకాలి కదా.

సత్యనారాయణపురం తాతగారు:
సవరణ శిరోధార్యం. కారణం మాత్రం ఆటవెలదిలో పట్టలేదండీ, సీసం రాయాల్సింది.

కృష్ణలంక కుర్రాడు:
మాస్టారూ, నాకిది మొదటి పద్యం. తిట్టకండి.

బంతి వెనక పరుగు తొంభై నిమిషాలు
చొక్కా తడిసి ముద్ద చెమటతోటి
పేరు రాదు వాని పేపరులో గాని
గోలు లేనివాడె గొప్పవాడు

పటమట మాస్టారు:
తిట్టడం ఎందుకు తమ్ముడూ, మూడో పాదం చూసి ఈర్ష్య పడ్డాను. అది అచ్చంగా ఆటవెలది. పై రెండు పాదాల్లోనే పని ఉంది.

మొదటి పాదం మూడు సూర్యగణాలూ బాగానే పడ్డాయి. నాలుగో గణం మొదటి అక్షరం "తొ". అది "బ"తో యతి కుదరదు. "మిషాలు" కూడా జగణమైంది (లఘువు-గురువు-లఘువు), అక్కడ ఇంద్రగణం రావాలి. రెండో పాదంలో "చొక్కా" రెండూ గురువులే, సూర్యగణం కాదు. "చొ"కి "చె" యతి చెల్లదు. హల్లు ఒకటైతే చాలదు, అచ్చు కూడా కలవాలి: ఒ-ఉ ఒక జట్టు, ఎ-ఇ ఇంకో జట్టు. చ-స లకు మైత్రి ఉంది కాబట్టి ఇలా మార్చి చూడు:

బంతి వెనక పరుగు పందెపు గుఱ్ఱమై
చొక్క తడిసి ముద్ద, సొమ్మసిల్లు

మిగతాది నీదే. తొంభై నిమిషాలు పోయాయని బాధపడకు, గుర్రం వచ్చింది.

కృష్ణలంక కుర్రాడు:
థాంక్యూ మాస్టారూ. ఆఫ్‌సైడ్ రూలు కన్నా యతి రూలే టెన్షన్ పెట్టింది.

మొగల్రాజపురం ఇంజనీరు:
అందరూ పొగుడుతున్నారు, నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. స్ట్రయికర్‌ని కొనేది గోళ్ళు గిల్లుకోవడానికి కాదు. నా పూరణ ఎత్తిపొడుపు.

పోస్టు తగిలె బంతి పొద్దుపోయెడిదాక
కోట్లు పోసి కొన్న కొదమసింగ
మనుచు మురియువారి మాటలో నెప్పుడు
గోలు లేనివాడె గొప్పవాడు

స్ట్రయికర్ డార్విన్ నూన్యెజ్ గురించే అని వేరే చెప్పక్కర్లేదు. 2022లో బెన్ఫికా నుంచి ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ కొన్నది. 2024 జనవరి 31న చెల్సీ మీద ఒక్క మ్యాచులోనే నాలుగుసార్లు గోలుపోస్టుకో అడ్డకర్రకో కొట్టాడు, అందులో ఒకటి పెనాల్టీ. ప్రతి షాట్‌కీ అది గోలయ్యే అవకాశం ఎంతో 0కీ 1కీ మధ్య లెక్కకట్టే ఎక్స్‌జీ అనే కొలత ఉంది. పెనాల్టీకి అది ముప్పావు పైమాటే. అంటే నాలుగు కొడితే మూడు లోపల పడాలి. అది కూడా కర్రకు కొట్టినవాణ్ణి కష్టజీవి అని భుజం తడతారా?

పటమట మాస్టారు:
ఎత్తిపొడుపుతో సమస్యను విడదీయడం చక్కని దారి. ఆ మాట మనది కాదు, మురిసేవాళ్ళది అని "మాటలో" అనే ఒక్క పదంతో తప్పించుకున్నారు. "సింగ-మనుచు" అని పాదం దాటించిన తీరు బాగుంది. మొదటి పాదం మాత్రం నవ్వు తెప్పించింది. "పోస్టు తగిలె బంతి" అంటే పోస్టే నడుచుకుంటూ వచ్చి బంతికి తగిలినట్టుంది. ఆ అబ్బాయి విషయంలో అదీ జరిగి ఉండొచ్చు! "పోస్టుకేసి కొట్టె" అనండి. ఇంకో సంగతి, ఆ మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. అప్పటికే పొద్దుపోయింది. కాబట్టి:

పోస్టుకేసి కొట్టె పొద్దుపొడుపుదాక

మొగల్రాజపురం ఇంజనీరు:
పద్యం మీది, కోపం నాది అయింది ఇప్పుడు. బాగుంది.

సత్యనారాయణపురం తాతగారు:
ఇంజనీరు గారూ, ఆ రాత్రి లివర్‌పూల్ 4-1తో గెలిచిందని కూడా రాయాలి కదండీ.

మొగల్రాజపురం ఇంజనీరు:
అతను కొట్టి ఉంటే 8-1 అయ్యేది తాతగారూ.

బ్రాడీపేట బాబాయ్ (గుంటూరు):
మీ గొడవ మీది. నా గొడవ వినండి.

మ్యాచు చూడ నెంచ మామగారింటికి
రమ్మనంచు పిలుపు రాత్రిపూట
ఆదివార మెల్ల నత్తగారిదట యొం
గోలు లేనివాడె గొప్పవాడు

కృష్ణలంక కుర్రాడు:
బాబాయ్!! ఒంగోలా!!

పటమట మాస్టారు:
విరుపంటే ఇదీ. "అట + ఒంగోలు", యడాగమంతో "అట యొంగోలు", పాదం చివర "యొం" గురువై నగం (మూడు లఘువులు, ఒక గురువు) పూర్తయింది, గణం చెడలేదు. "ఆది"కి "అత్త" స్వరయతి. ఒక్క అక్షరం కదిలించడానికి లేదు. అయితే బాబాయ్, ఈ పద్యం పిన్నిగారి కంటపడితే మాత్రం గుంపు బాధ్యత వహించదు.

బ్రాడీపేట బాబాయ్:
పిన్నికి చూపించే రాశాను. "మ్యా"కి "మా" యతి ఏంటి, పలికేది "మే" లాగా కదా అంది. సమాధానం చెప్పండి.

పటమట మాస్టారు:
రాతలో ఆకారమే కాబట్టి చెల్లుతుందని చెప్పండి. పలుకుబడి ప్రకారం యతి వేయాలంటే ఇంగ్లీషు మాటలన్నిటికీ కొత్త పట్టిక రాయాలి. పిన్నిగారి చెవి మాత్రం గట్టిది. వచ్చేవారం నుంచి ఆవిడే పంపాలి.

అరండల్‌పేట అక్క:
నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, నాలుగో పాదంలో వరసగా మూడు జవాబులు.

జనము కోరునేది స్ట్రయికరు కాలిలో?
అప్పు కొరకు తిరుగునట్టి దెవరు?
తగిన వేళ నిచ్చి తానేమగును వాడు?
గోలు, లేనివాడె, గొప్పవాడు

పటమట మాస్టారు:
అక్కా, పాత అవధానాల వాసన. "కోరునేది" తర్వాత "స్ట్ర" వచ్చింది కదా, "ది" గురువు కాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. తెలుగు మాట ముగిశాక వేరే మాట సంయుక్తాక్షరంతో మొదలైతే ముందున్నది లఘువుగానే ఉండొచ్చు. జ-స యతి సరే. కాకపోతే క్రమాలంకారంలో ఒక లోటు ఎప్పుడూ ఉంటుంది. సమస్య విడిపోతుంది గానీ దాని మీద మనం ఏమనుకుంటున్నామో తెలీదు. స్ట్రయికర్ గోలు కొట్టాలని మీరు ఇంజనీరు గారి వైపు ఓటేసినట్టా?

అరండల్‌పేట అక్క:
జనం కోరతారన్నాను, నేను కోరానన్లేదు. నాకైతే నెదర్లాండ్స్ స్ట్రయికర్ వౌట్ వెగోర్స్ట్ గుర్తొస్తాడు. 2022 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఆఖర్న దిగి అర్జెంటీనా మీద రెండు గోల్స్ కొట్టాడు. తర్వాత నెలలోనే మాంచెస్టర్ యునైటెడ్‌కి అప్పు మీద (లోన్ అంటారే, అలా) వెళ్ళి, ప్రీమియర్ లీగులో 17 మ్యాచులాడి సున్నా. మనిషి అదే, కాళ్ళు అవే. రెండో పాదంలో అప్పు అక్కణ్ణుంచే వచ్చింది.

గుణదల గోల్‌కీపర్:
ఆలస్యమైంది, నైట్ డ్యూటీ. పద్యాలు రాయడం నేర్చుకుంటున్నవాణ్ణే, కానీ వీళ్ళను ఎదురుగా నిలబడి చూసేది నేను. గోలు కొట్టేవాడి కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవాడు వేరే ఉంటాడు. బంతి తనదగ్గరకు రాకముందే మా స్టాపర్ని (నా ముందు కాపలా కాసే డిఫెండర్ని) వీపుతో ఆనించి పట్టుకుంటాడు. స్టాపర్ చొక్కా లాగుతాడు, మోకాలితో తొడ వెనక పొడుస్తాడు. వాడు కదలడు. బంతిని ఛాతీ మీద దించి, తిరిగి చూడకుండానే పక్కనుంచి దూసుకొచ్చేవాడి దారిలోకి తోస్తాడు. నాకు బంతి కనపడేసరికి అది వలలో ఉంటుంది. మ్యాచ్ అయ్యాక సాక్సు దించితే గోలు కొట్టినవాడి కాలికి గీతలు ముందువైపు, వీడికి పిక్కల మీద.

వెంట నిద్దరుండ వీపుతో నాపుచు
పక్కవాని కొసగి బంతి, తాను
మట్టి కరచి లేచు మాటికి మాటికి
గోలు లేనివాడె గొప్పవాడు

పటమట మాస్టారు:
తాతగారు సీసంలో చెప్పాలనుకున్న కారణం ఇక్కడ ఆటవెలదిలోనే పట్టింది. గొప్పవాడని ఎక్కడా నొక్కి చెప్పలేదు, పని చూపించారు. వెంట-వీపు, పక్క-బంతి, మట్టి-మాటికి: యతులు వెతికి తెచ్చినట్టు లేవు. "లేచు" అన్నది సమస్యాపాదంలోని "వాడె"కు విశేషణమై అతుక్కుంది. ఈ వారం నా ఓటు దీనికే.

మొగల్రాజపురం ఇంజనీరు:
పద్యానికి నా ఓటు కూడా. వాదనకు కాదు. "మట్టి కరవడం" అంటే ఓడిపోవడం కదా మాస్టారూ, మీరు ఊరుకున్నారేం?

పటమట మాస్టారు:
"కరచి" అని ఆగిపోతే ఓటమి. "కరచి లేచు మాటికి మాటికి" అన్నాక ఓటమి ఎక్కడుంది? ఆ జాతీయాన్ని తిరగేసి వాడటమే నాకు నచ్చింది.

సత్యనారాయణపురం తాతగారు:
ఇంజనీరు గారి ఎక్స్‌జీ గురించి ఒక మాట. అది షాట్లనే కొలుస్తుంది. గుణదల వారు చెప్పిన మనిషి షాటే కొట్టడు, కాబట్టి ఆ పుస్తకంలో అతని ఖాతా తెరుచుకోదు. 1998లో ఫ్రాన్స్ గెలిచినప్పుడూ స్టెఫాన్ గివార్ష్ అనే స్ట్రయికర్ ఆ టోర్నీలో ఒక్క గోలూ కొట్టలేదు, ఫైనల్లో మొదటి పదకొండు మందిలో ఆడాడు. ఆ ఏడాది ఫ్రెంచి లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ఆయనే.

మొగల్రాజపురం ఇంజనీరు:
మీరు రెండు కప్పులు చూపిస్తారు. గోలు కొట్టే స్ట్రయికర్‌తో గెలిచిన కప్పులు నేను చూపిస్తే ఈ గుంపు నిండిపోతుంది. జిరూ సంగతే చూడండి. 2022 ప్రపంచ కప్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు, ఫ్రాన్స్ తరఫున థియరీ ఆన్రీ 51 గోల్స్ రికార్డు దాటాడు, 57తో ఆపాడు. ఆ తర్వాతే కదా జనం 2018 సున్నాను కూడా ముద్దుగా చెప్పుకోవడం మొదలెట్టారు? కొట్టగలడని తెలిశాక కొట్టకపోయినా గొప్పే. అసలు కొట్టనివాడి పేరు ఎవడికి గుర్తుంది?

గుణదల గోల్‌కీపర్:
నాకు గుర్తుంది. పిక్కలు చూసి గుర్తుపడతాను.

పటమట మాస్టారు:
ఇక్కడ తీర్పు చెప్పేది పద్యానికే, స్ట్రయికర్‌కి కాదు. మీరిద్దరూ ఆదివారం గ్రౌండ్‌లో తేల్చుకోండి. వచ్చేవారం తేటగీతి పాదం ఇస్తున్నాను:

గోలుకీపరె కొట్టెను గోలు చూడు

గుణదల గోల్‌కీపర్:
ఇది నా మీదేనా మాస్టారూ?

కృష్ణలంక కుర్రాడు:
ఇందులో సమస్య ఏముంది? లివర్‌పూల్ గోల్‌కీపర్ అలిసన్ 2021 మేలో వెస్ట్ బ్రామ్ మీద 95వ నిమిషంలో తలతో కొట్టాడుగా.

పటమట మాస్టారు:
సమస్య వెస్ట్ బ్రామ్‌ది తమ్ముడూ. నువ్వు మిగతా మూడు పాదాలు రాయి. ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య. యతి చూసుకో.