నాయన సమాధి మీద ఇంకొకరిని పూడ్చారు. చెన్నైలో ఎవరిని అడగాలి?

పెరంబూరు పిల్లోడు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు వైపు, తాత రోజుల్లోనే మద్రాసు వచ్చేశాం. మాలో కాల్చరు, పూడుస్తారు. నాయన 2013లో పోతే ఇంటికి దగ్గర్లో ఉన్న శ్మశానంలోనే పూడ్చి, తలవైపు చిన్న కడపరాయి నిలబెట్టి నల్ల పెయింటుతో పేరు రాయించాం. ఏటా పెద్దల అమావాస్యకు వెళ్లి గడ్డి పీకి, రాయి కడిగి, కొబ్బరికాయ కొట్టి వచ్చేవాళ్లం. ఉద్యోగం మీద రెండేళ్లు దుబాయ్‌లో ఉండి మొన్న వెళ్తే అక్కడ కొత్త మట్టిదిబ్బ, దాని మీద బంతిపూల దండ, ఎవరో పెద్దావిడ ఫోటోతో ఫ్లెక్సీ. మా రాయి గోడవార ఇంకో పది రాళ్లతో కలిపి బోర్లా పడేసి ఉంది. తిప్పి చూస్తే పేరులో సగం పెయింటు ఊడిపోయింది. కాపరిని అడిగితే "చోటు లేదు సార్, అందరికీ ఇంతే" అన్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇలా చేయొచ్చా అసలు? డబ్బు కట్టి చోటు మన పేరు మీద పెట్టుకునే దారేమైనా ఉందా?

వ్యాసర్‌పాడి అక్క:
తమ్ముడూ, బాధ అర్థమైంది గానీ పబ్లిక్ శ్మశానంలో చోటు ఎవరి సొంతమూ కాదు. ఇక్కడ కార్పొరేషన్ శ్మశానాల్లో పూడ్చడానికి ఫీజు లేదు, అలాగే ఆ ఆరడుగులు మనవి అని రాసిచ్చేదీ లేదు. నువ్వు వెళ్లి చూడాల్సింది శ్మశానం రిజిస్టర్. మీ నాయన పేరు, తేదీ అందులో ఉంటే దాన్నెవరూ పీకి గోడవార పడేయలేరు. ఎలాగూ చావును 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి కాబట్టి మీ దగ్గర డెత్ సర్టిఫికెట్ ఉండే ఉంటుంది, అది పట్టుకెళ్లు. కాపరితో గొడవ పెట్టుకోకు. మా అత్తను పూడ్చింది నవంబర్ వానల్లో, నాలుగడుగులు తవ్వేసరికి నీళ్లు ఊరాయి. అక్కడి కాపరి నడుముదాకా గుంటలో దిగి బకెట్‌తో తోడి పోస్తుంటే మా మగాళ్లు గొడుగులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఉప్పు మూటలు కూడా ఆయనే దించాడు.

కీల్పాక్ వాసి:
మా క్రైస్తవుల్లోనూ ఇదే కథ బ్రదర్. కీల్పాక్, కాసిమేడు సమాధుల తోటల్ని చూసుకునేది మద్రాస్ సిమెట్రీస్ బోర్డ్. మాకు అక్కడ కుటుంబ సమాధి ఉంది కాబట్టి సరిపోయింది. తాతను పెట్టిన గుంటనే చాలా ఏళ్లకు తెరిచి నానమ్మను పెట్టాం, ఎముకలు గుడ్డలో మూటగట్టి పక్కనే ఉంచారు. చూడ్డానికి ధైర్యం చాలలేదు, కానీ మా నాన్న "ఇద్దరూ మళ్లీ ఒకే ఇంట్లో" అని నవ్వాడు. నవంబర్ 2, సమాధుల పండగ రోజు రండి ఒకసారి. కొవ్వొత్తులు, పూలు, జనం. మిగతా రోజుల్లో చాలా సమాధుల దగ్గర గడ్డే.

పాత మద్రాసు పిచ్చోడు:
కాస్త పక్కదారి, క్షమించండి. ఈ ఊరిని ఏలిన ఇంగ్లీషు వాళ్ల సమాధులకే దిక్కు లేకపోయింది! సెయింట్ జార్జ్ కోట బయట, తర్వాతి రోజుల్లో లా కాలేజీ కట్టిన చోట వాళ్ల శ్మశానం ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ గోరీల చాటునే నక్కారు. ముట్టడి తప్పాక ఇంగ్లీషు వాళ్లే గోరీలు కూలగొట్టి, పలకల్ని తెచ్చి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో పరిచేశారు. ఇప్పుడు వెళ్లినా వాటి మీదే నడవాలి. పాత చోట మిగిలిన గోరీల్లో ఒకటి గవర్నర్ ఎలిహు యేల్ కొడుకుది, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. ఇక నందంబాక్కంలో రెండో ప్రపంచ యుద్ధం సైనికుల శ్మశానం చూశారా? 856 సమాధులు, గడ్డి కూడా కొలిచి కోసినట్టుంటుంది. దిక్కూమొక్కూ లేని శ్మశానాల నుంచి ఏరి తెచ్చి అక్కడ పెట్టినవి చాలా ఉన్నాయి. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటుంది, డబ్బు అందులోని సభ్య దేశాలు ఇస్తాయి. తేడా అంతా అక్కడే ఉంది మరి.

జంగమయ్య మనవడు:
మాది ఇంకో తలనొప్పి. జంగాలం, కూర్చోబెట్టి సమాధి చేస్తాం. గుంట పొడుగ్గా కాదు, చదరంగా లోతుగా కావాలి. మా పెదనాన్నకు తవ్వే కుర్రాడు అలవాటుగా పొడుగ్గా తవ్వేశాడు, శవం వచ్చాక చూసుకుని మళ్లీ తవ్వించాం. ముందురోజే వెళ్లి మాట్లాడుకోండి ఎవరైనా.

పెరంబూరు పిల్లోడు:
అక్క చెప్పినట్టే వెళ్లాను. రిజిస్టర్‌లో నాయన పేరు ఉంది, అక్షరం ఒకటి తప్పు రాశారు గానీ ఉంది. రాయి ఇంటికి తెస్తానంటే అమ్మ కేకలేసింది, శ్మశానం రాయి గడప దాటకూడదట. కాపరి పెద్దాయనే వేపచెట్టు మొదట్లో నిలబెట్టి, పెయింటు వేయించుకోమన్నాడు. టీ డబ్బులు ఇస్తే తీసుకున్నాడు. అమ్మకు మొత్తం చెప్పేశాను. ఏడుస్తుందనుకుంటే, ఆ పెద్దావిడది ఏ ఊరు అని అడిగింది. ఫ్లెక్సీ మీద ఊరు రాయలేదని చెప్పాను.