‘ట్రాన్సియెంట్’కు తెలుగు మాట: క్షణికమా, సంక్రమణమా, సంధిదశా?

సభ్యులందరికీ నమస్కారం. డిప్లొమా విద్యార్థుల కోసం ఎలక్ట్రానిక్స్ ప్రయోగాల పుస్తకమొకటి తెలుగులో రాస్తూ, ఒక ప్రయోగం శీర్షిక దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయాను. ‘పల్స్ ఇన్‌పుట్‌కు ఆర్‌సీ సర్క్యూట్ ట్రాన్సియెంట్ రెస్పాన్స్’ అన్నది ఆ శీర్షిక. (ఆర్‌సీ అంటే నిరోధమూ, విద్యుదావేశాన్ని అంటే చార్జిని నిలవచేసే కెపాసిటరూ కలిసినది.) పల్స్‌నూ సర్క్యూట్‌నూ అలాగే ఉంచవచ్చు, రెస్పాన్స్‌కు ప్రతిస్పందన ఉండనే ఉంది. చిక్కంతా, ఒక స్థితి నుంచి మరొక స్థితికి చేరేలోపు నడిచేదాన్ని చెప్పే ట్రాన్సియెంట్‌తోనే వచ్చింది.

మాట ఎంచుకునే ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. 1 కిలో ఓమ్ నిరోధాన్ని, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను వరుసగా కలిపి, 0 నుంచి 5 వోల్టులకు లేచి మళ్లీ 0కి పడే చతురస్ర తరంగాన్ని సెకనుకు 1000 సార్లు ఇస్తాం. సీఆర్‌ఓ (వోల్టేజి మార్పును గీతగా చూపే కేథోడ్ రే ఆసిలోస్కోప్) తెర మీద ఇన్‌పుట్ గీత గోడ కట్టినట్టు నిటారుగా లేస్తుంది. కెపాసిటర్ మీది గీత మాత్రం మొదట వేగంగా ఎక్కి, పోనుపోను మందగించి, వంపు తిరిగి 5 వోల్టుల దగ్గర చదునవుతుంది. చార్జి మొత్తం నిరోధం గుండానే రావాలి. కెపాసిటర్ నిండేకొద్దీ నిరోధం మీద మిగిలే వోల్టేజి తగ్గుతుంది కాబట్టి, లోపలికి వచ్చే ప్రవాహం కూడా తగ్గిపోతుంది. నిరోధాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చే కాల స్థిరాంకం ఇక్కడ 0.1 మిల్లీసెకను. ఒక కాల స్థిరాంకం గడిచేసరికి 63.2 శాతం, అంటే 3.16 వోల్టులు, అయిదు గడిచేసరికి 99.3 శాతం నిండుతుంది. పల్స్ పైన నిలిచేది 0.5 మిల్లీసెకను కనుక, నిండడం దాదాపు పూర్తయ్యాకే ఇన్‌పుట్ కిందికి పడుతుంది. ఈ వంపు గీతకే మనకు పేరు కావాలి.

‘క్షణిక ప్రతిస్పందన’ అనేవారున్నారు. కానీ నిరోధాన్ని 10 కిలో ఓమ్‌లకు, కెపాసిటర్‌ను 100 మైక్రోఫారడ్‌లకు మార్చితే కాల స్థిరాంకం ఒక సెకను అవుతుంది, నిండడానికి అయిదు సెకన్లు పడుతుంది, వోల్ట్‌మీటరు ముల్లు మెల్లగా ఎక్కడం కంటికి కనిపిస్తుంది. దాన్ని క్షణికమని విద్యార్థికి ఎలా చెప్పగలం? (అమరకోశం లెక్కలో పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం, ముప్పై ముహూర్తాలు ఒక అహోరాత్రం, ఆ ప్రకారం క్షణమంటే నాలుగు నిమిషాలు. ఈనాటి వాడుకలో మాత్రం క్షణమంటే రెప్పపాటే.) ‘అస్థిర’ అన్నది ఇంకా ప్రమాదకరం. నియంత్రణ వ్యవస్థల పాఠంలో అస్థిరమంటే అదుపు తప్పి పెరిగిపోయేదని అర్థం. మన ఆర్‌సీ సర్క్యూట్‌కు అలాంటి లక్షణమేదీ లేదు.

‘తాత్కాలిక’ అన్నది చాలామందికి నచ్చిన మాట. తాత్కాలిక ఉద్యోగం, తాత్కాలిక మరమ్మతు అన్నప్పుడు కొంతకాలం ఉండి తొలగిపోయేదన్న భావమే అందులో ఉంది గానీ, ఒక స్థితి నుంచి మరొక స్థితికి చేరుస్తుందన్న భావం లేదు. పైగా పై ప్రయోగంలోనే 0.1 తీసి 1 మైక్రోఫారడ్ పెట్టి చూడండి. కాల స్థిరాంకం 1 మిల్లీసెకను, పల్స్ నిలిచేది అందులో సగం. కెపాసిటర్ నిండకముందే ఇన్‌పుట్ పడిపోతుంది, ఖాళీ కాకముందే మళ్లీ లేస్తుంది. కొన్ని ఆవృత్తాలు గడిచాక వోల్టేజి సుమారు 1.9కీ 3.1కీ మధ్య దాదాపు త్రిభుజాకారంలో ఊగుతూనే ఉంటుంది. తెర మీద వంపులు తప్ప చదును ఎక్కడా కనిపించదు. స్విచ్ తీసేవరకూ సాగేదాన్ని తాత్కాలికమనడానికి నాకు మనసొప్పలేదు.

ట్రాన్సియెంట్ లాటిన్ నుంచి వచ్చింది. దాటిపోవడమన్నది దాని మూలార్థం. సంస్కృతంలో సంక్రమణం అచ్చంగా అదే. మకర సంక్రమణం తెలియని తెలుగువారు లేరు. అందుచేత ‘సంక్రమణ ప్రతిస్పందన’ అని పెట్టాలనుకుంటున్నాను. పెద్దలు తప్పొప్పులు చెప్పగలరు.

ఒక సభ్యుని జవాబు (విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకులు)

అయ్యా, మీ తర్కం బాగుంది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ మాటకు తెలుగు వెతకలేదు కానీ, బోర్డు దగ్గర నోటికి వచ్చిన మాట ఒకటుండేది: ‘సర్క్యూట్ తేరుకుంటోంది’ అనేవాణ్ణి. బురద నీళ్లు బిందెలో పోసి కదపకుండా ఉంచితే తేరుకున్నట్టే ఇదీనని చెబితే వెనక బెంచీల వారికి కూడా అందేది. మీరు చెప్పిన రెండో సందర్భాన్ని ‘ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే మరో దెబ్బ’ అంటే ఇక వివరణ అక్కరలేదు. ఇండక్టర్ (తీగచుట్ట) కూడా చేర్చిన సర్క్యూట్‌లో నిరోధం తక్కువైతే పల్స్ తగలగానే కంచు మోగినట్టు పైకీ కిందికీ ఊగి మెల్లగా అణుగుతుంది. అక్కడా తేరుకోవడమే సరిపోతుంది.

మరో సభ్యురాలి జవాబు (తెలుగు ఉపాధ్యాయిని)

సంక్రమణం విషయంలో నాకొక అభ్యంతరం ఉందండీ. అంటువ్యాధుల వాసన ఆ మాటకు ఇప్పటికే పట్టింది, అది అలా ఉంచండి. పంచాంగంలో సంక్రమణాన్ని గంటలు, నిమిషాలతో సహా ఇస్తారు, ఎందుకంటే అది ఒక బిందువు: సూర్యుడు రాశి మారే ఆ ఒక్క ఘడియ. మీ పల్స్ అంచు అలాంటిది. మీ వంపు గీత అలాంటిది కాదు, దానికి నిడివి ఉంది. సూర్యుడు అస్తమించడానికి ఒక వేళ ఉంటుంది, కానీ వెలుగు ఆ వేళకే ఆరిపోదు. సంధ్య అంతా గడిచి చీకటి పడుతుంది. మీకు కావలసింది ఆ సంధ్యకు మూలమైన సంధి. వయస్సంధి, సంధికాలం, సంధిదశ అని రోజూ అంటూనే ఉన్నాం. ‘పరివర్తన’ అనుకుందామంటే దాన్ని రసాయన శాస్త్రం వారు మూలకాలకు వాడుకున్నారు.

ప్రశ్న వేసినవారి జవాబు

అమ్మా, మీ మాటతో నా అభిప్రాయం మార్చుకున్నాను. అంచును, ఆ అంచు తర్వాత నడిచే కాలాన్ని నేను ఒకటిగా చూశాను. ఈ ప్రయోగం విద్యార్థికి నేర్పవలసిందే ఆ రెండూ వేరని. ఇన్‌పుట్ ఒక్క ఊపున మారుతుంది, కెపాసిటర్ వోల్టేజి అలా మారలేదు. సంధిదశ అంటే ఆ తేడా పేరులోనే కనిపిస్తుంది.

మాస్టారూ, తేరుకోవడమన్నది నాకు ఎంతగానో నచ్చింది. అయితే తేరుకున్న నీరు తన పూర్వపు తేటదనానికి వస్తుంది. మన సర్క్యూట్ 0 విడిచి 5 వోల్టుల కొత్త స్థితికి పోతుంది. అందువల్ల దాన్ని శీర్షికలో పెట్టకుండా, సర్క్యూట్ కొత్త స్థితిలో కుదురుకోవడానికి పట్టే సెట్లింగ్ టైమ్‌కు ‘తేరుకునే కాలం’ అని వాడుతాను. సంధిదశకు ఎదురుగా మార్పు ఆగి నిలిచిన స్టెడీ స్టేట్‌ను ‘నిలకడ స్థితి’ అంటాను.

ఈ రాత్రి తిరగరాసిన వాక్యాలివి, చూసి చెప్పండి: “ఆర్‌సీ సర్క్యూట్‌కు పల్స్ ఇచ్చినప్పుడు కెపాసిటర్ వోల్టేజి పాత నిలకడ స్థితి నుంచి కొత్త నిలకడ స్థితికి సంధిదశ గుండా చేరుతుంది. తేరుకునే కాలం సుమారు అయిదు కాల స్థిరాంకాలు. పల్స్ అంతకంటే ముందే ముగిస్తే సర్క్యూట్ సంధిదశలో ఉండగానే తర్వాతి మార్పు మొదలవుతుంది.”