వరల్డ్ ట్రిగ్గర్‌ని ఎవరూ పట్టించుకోరెందుకు? తప్పు మనదా, మాంగాదా?

లెక్కల_మాస్టారు:
ఇక్కడ ఎవరు మంచి యాక్షన్ మాంగా (జపాన్ కామిక్) చెప్పమన్నా అవే నాలుగు పేర్లు. దైసుకే అషిహారా వరల్డ్ ట్రిగ్గర్ 2013లో మొదలైంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. తెలియనివాళ్లకి కథ రెండు ముక్కల్లో: మికాడో అనే ఊళ్లోకి వేరే లోకం నుంచి ద్వారాలు తెరుచుకుంటాయి, అక్కణ్ణుంచి వచ్చి పడేవాళ్లని ఆపడానికి బోర్డర్ అని ఒక సంస్థ ఉంటుంది, ట్రిగ్గర్లు అనే వాళ్ల ఆయుధాలన్నీ మనిషిలో ఉండే ట్రియాన్ అనే శక్తితో నడుస్తాయి. ఒసాము అనే మన కళ్లజోడు హీరోకి ఆ ట్రియానే సరిగ్గా లేదు. గొప్ప వంశం లేదు, లోపల నిద్రపోతున్న రాక్షసుడూ లేడు. నా వరకు జంప్ అనే జపాన్ వారపత్రికలో వచ్చిన ఫైట్ల మాంగాల్లో బుర్ర పెట్టి రాసింది ఇదే. కాదనేవాళ్లు రండి.

రాత్రి_బండి:
వచ్చా బ్రో. దాని మీద తీసిన 2014 యానిమే (కార్టూన్ సిరీస్) చూశా, 73 ఎపిసోడ్లట, ఒకడు కత్తి తీస్తే ఇంకొకడు దాని గురించి ఆలోచిస్తూ ఉంటాడు, అంతలో బ్రేక్. పదో ఎపిసోడ్‌కి ఆపేశా. పైగా ఇందులో ఎవడూ చావడు కదా, ఫైట్ కోసం ట్రియాన్‌తో చేసుకున్న ఒళ్లు పగిలితే బెయిలవుట్ అయి, అంటే దానంతటదే తప్పించుకుని, బేస్‌లో మంచం మీద పడతాడు. ఇక టెన్షన్ ఎక్కడిది?

లెక్కల_మాస్టారు:
యానిమే చూసి మాంగాని తిడితే ఎలా తమ్ముడూ. చావడు అంటున్నావు, కబడ్డీలో మాత్రం ఎవడు చస్తున్నాడు, ఆఖరి రైడ్‌కి మనం కుర్చీ అంచున కూర్చోవట్లేదా? బోర్డర్ టీములు తమలో తాము ఆడుకునే ర్యాంక్ వార్స్ పోటీలు సరిగ్గా అదే ఆట. ఒకణ్ణి అవుట్ చేస్తే ఒక పాయింటు, చివరికి మిగిలిన టీముకి అదనంగా రెండు. మ్యాప్ ఎంచుకునే హక్కు అందరికంటే కింద ఉన్న టీముది. అందుకే అక్కడ బలం కంటే ముందు ప్లాన్ పనిచేస్తుంది.

ఒక్క ఫైట్ చెప్తా. ఒసాము, కజామా. కజామా బోర్డర్‌లో పై స్థాయి అయిన ఏ గ్రేడ్ టీము కెప్టెన్, కమీలియన్ ట్రిగ్గర్‌తో కంటికి కనపడకుండా వచ్చి పొడిచేస్తాడు. మనవాడు వరసగా 24 సార్లు ఓడిపోయాడు. అయితే కమీలియన్ వాడుతున్నంతసేపు వేరే ట్రిగ్గర్ వాడకూడదు, అంటే కవచం ఉండదు. బుల్లెట్‌కి వేగం, దూరం, బలం ఎంతెంత పంచాలో కాల్చేవాడి ఇష్టం. ఒసాము వేగం దాదాపు సున్నాకి తెచ్చి గది నిండా బుల్లెట్లు వదిలాడు, గాల్లో దోమల్లా మెల్లగా తేలుతుంటాయి. ఇక కనపడకుండా తిరిగితే తగిలి పోతాడు, కజామా బయటికి రాక తప్పలేదు. అంత చేసినా 25వ సారి వచ్చింది గెలుపు కాదు, డ్రా! ఆ డ్రాకి నేను అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చున్నా, మా ఆవిడ ఏమైందని అడిగింది.

వానచినుకు:
రాత్రి బండి గారూ, ఎవరూ చావరన్నది తప్పండీ. (చదవనివాళ్లు ఈ పోస్ట్ దాటేయండి.) పెద్ద దాడి ఘట్టంలో బేస్‌లో పనిచేసే ఆరుగురు ఆపరేటర్లు చనిపోతారు, 32 మంది కొత్త పిల్లల్ని ఎత్తుకుపోతారు, ఒసాము అసలు ఒంటికే దెబ్బ తగిలి ఆసుపత్రి పాలవుతాడు. ఆ తర్వాత ప్రెస్ మీట్‌లో విలేకరులంతా ఒక స్కూలు పిల్లాడి మీద పడితే వాడు నిలబడి జవాబు చెప్పే సీన్ నాకు ఏ ఫైట్ కన్నా ఎక్కువ నచ్చింది. కానీ మాస్టారూ, మనుషులు మరీ ఎక్కువైపోయారు. నేను పేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నా, నిజంగా.

రాత్రి_బండి:
అదిగో, సొంత మనిషే ఒప్పుకుంది. చదవడానికి నోట్‌బుక్ కావాలంటే అది ఇంటర్ సిలబస్ బ్రో. మాంగాలో ఇప్పుడు నడుస్తున్న ఆ సెలెక్షన్ పరీక్ష, అదే వేరే లోకానికి వెళ్లేవాళ్లని ఎంచే ఘట్టం, ఏళ్ల తరబడి సాగుతోందని విన్నా.

లెక్కల_మాస్టారు:
పరీక్ష సాగుతోంది, ఒప్పుకుంటా. రచయితకి మెడ ఎముకల జబ్బు వచ్చి 2016 చివర్లో ఆగిపోయింది, దాదాపు రెండేళ్ల తర్వాతే మళ్లీ మొదలైంది, కొన్ని వారాలకే వారపత్రిక వదిలి నెలకొకసారి వచ్చే జంప్ ఎస్‌క్యూకి మారింది. నెలకో అధ్యాయం చదివితే సాగినట్టే ఉంటుంది, ఒకేసారి చదువు. మొదటి రెండు సంపుటాలు చప్పగా ఉంటాయి, అది కూడా నిజమే, అక్కడే సగం మంది పారిపోతారు.

రాత్రి_బండి:
సరే, ఆ 25వ ఫైట్ దాకా చదువుతా. నచ్చకపోతే ఇక్కడికే వస్తా.

వానచినుకు:
నోట్‌బుక్ కొనుక్కోండి ముందు.