విశాలానికి తూములుంటాయా? (ఆదికాండము 1:6, 7:11)

మొన్న ఆదివారం సికింద్రాబాద్‌లో మా చర్చి యూత్ మీటింగ్ అయ్యాక ఒక తమ్ముడు వాట్సాప్ ఫార్వర్డ్ చూపించాడు. ఆదికాండం 1:6లో "విశాలము" అని ఉంది కదా, అంటే విశ్వం విస్తరిస్తోందని బైబిల్ ఎప్పుడో చెప్పేసింది, ఖగోళ శాస్త్రవేత్త హబుల్‌కి 1929లో గానీ తెలీలేదు, అని. నాకు సైన్స్ కంటే ముందు తెలుగు దగ్గరే డౌటొచ్చింది. విశాలంగా ఉండటం వేరు, విస్తరించడం వేరు. మా హాలు విశాలంగా ఉంది అంటే రోజూ పెరుగుతోందని కాదుగా (పెరిగేది అద్దె ఒక్కటే).

అసలు హీబ్రూలో అక్కడున్న మాట రాకీయ. రకా అనే క్రియ నుంచి వచ్చింది, అంటే లోహాన్ని కొట్టి రేకులా సాగదీయడం. నిర్గమకాండం 39:3లో ఏఫోదు (ప్రధాన యాజకుడి పై వస్త్రం) కోసం బంగారాన్ని రేకులుగా కొట్టారు అన్నచోట కూడా ఇదే క్రియ. చార్మినార్ పక్క సందుల్లో మిఠాయిల మీద వేసే వరఖు కొట్టేవాళ్ళని చూసుంటే ఇట్టే అర్థమైపోతుంది, తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి సుత్తితో టక్ టక్ టక్ మని గంటలకొద్దీ కొడితే ఊదితే ఎగిరిపోయేంత రేకవుతుంది. గ్రీకులోకి వెళ్ళేసరికి స్టెరియోమా, లాటిన్లో ఫిర్మామెంటుమ్, రెండిట్లోనూ గట్టిదనమే. మన తెలుగులో "విశాలము" అనేసరికి ఆ సుత్తి చప్పుడు మొత్తం పోయింది.

కానీ 7:11కి వచ్చేసరికి మన అనువాదకులు దొరికిపోయారు. జలప్రళయంలో "ఆకాశపు తూములు" విప్పబడ్డాయి అంటారు. చెరువున్న ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు, తూము ఉందంటే కట్ట ఉండాలి, కట్ట వెనక నీళ్ళుండాలి. ఉత్త విశాలానికి తూమెక్కడ పెడతారు? 1:7లో విశాలం మీద నీళ్ళున్నాయని కూడా ఉంది మరి.

—

అన్నా, అయితే బైబిల్ తప్పు చెప్పిందంటారా? సూటిగా చెప్పండి.

—

లేదు తమ్ముడూ. మొన్న వానకి నువ్వే స్టేటస్ పెట్టావు, ఆకాశానికి చిల్లు పడిందని. ఎవరైనా వచ్చి చిల్లు చూపించమన్నారా? అప్పటివాళ్ళకి ఆకాశం ఎలా కనిపించిందో ఆ మాటల్లోనే వాళ్ళకి చెప్పాడు దేవుడు, నేను నమ్మేది అది. ఇది సైన్స్ భయంతో ఇప్పుడు కొత్తగా కట్టిన కథ కూడా కాదు. 1554లో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఆదికాండం వ్యాఖ్యానంలో సరిగ్గా ఈ 1:6 దగ్గరే రాశాడు, ఖగోళశాస్త్రం నేర్చుకోవాలంటే వేరే చోటికి వెళ్ళండి, ఇక్కడ చెప్పింది కంటికి కనిపించే సంగతే అని. ఇక విస్తరించే విశ్వం అంటావా, హబుల్ కంటే ముందే 1927లో దాని మీద పేపర్ రాసిన లెమైత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదర్, ఆయనే తన థియరీని సృష్టి సిద్ధాంతంతో కలపొద్దన్నాడు. మనం మాత్రం ఒక అనువాద పదం పట్టుకుని ఆయనకంటే ముందుకెళ్ళిపోతున్నాం.

—

సర్, యోబు 37:18లో ఆకాశం పోతపోసిన అద్దమంత దట్టం అని ఉంటుంది, అద్దాన్ని పోత పోయడమేంటని చిన్నప్పట్నుంచీ అనుమానం.

—

మంచి పాయింట్ మేడమ్. అప్పటి అద్దాలు గాజు కాదు, మెరుగు పెట్టిన కంచులాంటి లోహం. అందుకే పోత. ఇక్కడ మన అనువాదకులు గట్టిదనాన్ని దాచలేదు.

ఇంకోటి, గెలీలియో 1615 ఉత్తరంలో ఒక చర్చి పెద్ద మాటగా చెప్పింది ఉంది కదా, లేఖనం పరలోకానికి ఎలా వెళ్ళాలో చెప్తుంది, ఆకాశం ఎలా నడుస్తుందో కాదు అని. ఇటాలియన్‌లో రెండిటికీ చేలో అనే ఒకే మాట, చమత్కారమంతా అందులోనే ఉంది. తెలుగులో పరలోకం, ఆకాశం విడివిడిగా ఉండటంతో చమత్కారం చచ్చింది గానీ, ఆయన విడదీద్దామనుకున్న రెండూ మనకి ముందే విడిపోయి ఉన్నాయి.

—

బ్రదర్, కానుకల టైంలో ప్రతి వారం వినే మలాకీ 3:10లో "ఆకాశపు వాకిండ్లు" కూడా ఇదేనా?

—

అదే మాట బ్రదర్, హీబ్రూలో రెండుచోట్లా అరుబ్బోత్. వరదకేమో తూములు, దీవెనకేమో వాకిండ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని అనువాదం చేస్తే హిమాయత్‌సాగర్ వార్తల ప్రభావంతో "గేట్లు ఎత్తారు" అని రాసేవాళ్ళేమో. సరేగానీ వాకిండ్లు అనే బహువచనం మీ ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా అంటారా? మా నాయనమ్మ తర్వాత నేను బయట వినలేదు.